పచ్చికుట్టు

పదిహేడో చుట్టులో కరెంటు పోయింది.
యంత్రం డెబ్బై రెండు డిగ్రీల దగ్గర మూగబోయింది.
కిటికీలోంచి చూస్తే కొండమీద ఘాట్ రోడ్డు దీపాలు మాత్రం,
వేరే లైను కాబోలు, వెలుగుతూనే ఉన్నాయి.
ట్యూబుల్లో దామలచెరువు తోటలో కోసుకొచ్చిన
మామిడాకుల సారం,
నా నాలుగు నెలల స్టైపెండు.

నాదముని కొవ్వొత్తి తెచ్చి బెంచీ మీద నిలబెట్టాడు.
ఈ ల్యాబు తుడిచే పనికి రాకముందు
ఇరవై రెండేళ్ళు గాంధీ రోడ్డులో మిషను తొక్కిన మనిషి.
ఎడమ బొటనవేలికి గుడ్డకట్టు, నిన్న నా బీకరు పగిలిన గుర్తు.
"యేంది పాపా, రోజూ రేత్రంతా కాపీ తీస్తానే ఉంటావు,
లోపల యెవురు తీసేది?"

కాగితం మీద రెండు గీతలు మెలేసి చూపించాను.
హెలికేజ్ అని ఒకటి, జంటపోగుల్ని విప్పుకుంటూ పోతుంది.
"విప్పేకొద్దీ ముందర ముడిపడదా?"
పడుతుంది. ఇంకొకటి ముందే వెళ్ళి
పోగు తెంపి, మెలి వదిలించి, మళ్ళీ అతికేస్తుంది.
"సరే, కుట్టేది?"
పాలిమరేజ్. కానీ దానికో చేతకానితనం:
ఉత్త గుడ్డమీద మొదటి కుట్టు వెయ్యలేదు.
ప్రైమేజ్ వచ్చి పది అక్షరాలు వేసిపోవాలి,
పనయ్యాక వాటిని ఊడదీసేస్తారు.
"పచ్చికుట్టు!" అన్నాడు నాదముని.

ఆ మాట నా థీసిస్‌లో లేదు.

ఒక పోగు మీద పని తిన్నగా సాగుతుంది.
రెండోది ఎదురుదిక్కు.
కొంచెం విప్పగానే వెనక్కి కుట్టి,
ఇంకొంచెం విప్పాక మళ్ళీ మొదట్నించి
తునకలు తునకలుగా.
వాటి మధ్య సందుల్ని లైగేజ్ కలుపుతూ వస్తుంది.
"జాకెట్టు చంక కాడ మేమూ అట్లే కదా చేసేది."

"నాకూ, మామిడాకుకీ, పెరుగులో పురుగుకీ ఒకే లెక్కా?"
పెరుగులో దానిది చుట్టు. మొదలూ లేదు, చివరా లేదు.
"మూట్టిన లుంగీ."
అవును. ఒక్కచోట విప్పి రెండువైపులా పరుగెడుతుంది,
సెకనుకు వెయ్యి అక్షరాల దాకా.
మనకు యాభై.
"తెల్లారినట్టే!"
అందుకే వేల చోట్ల ఒకేసారి మొదలవుతుంది.
గంగజాతర ముందు వారం గుర్తొచ్చిందాయనకి:
వీధంతా మిషన్లు, అరుగు అరుగునా దీపం,
ఒకే చీరె అంచు ముగ్గురి ఒళ్ళో.
వైరస్ సంగతి చెబితే మొహం చిట్లించాడు:
సొంత మిషను లేకుండా
పక్కోడి కొట్లో దూరి, వాడి దారంతోనే
తన గుడ్డలు కుట్టుకునేవాడు.
"అట్లాంటోడి కింద ఒక యేడాది పన్జేసినాలే."

మరి ఈ పెట్టెలో?
ఇక్కడ విప్పేది వేడి. అతికేవాళ్ళు లేరు.
పచ్చికుట్టు, నేను కొరియరులో తెప్పించుకున్న సీసా.
ఎక్కడో మరిగే నీటిబుగ్గలో పుట్టిన
పాలిమరేజ్ ఒక్కటే, తోడు లేనిది,
తప్పు కుట్టినా వెనక్కి తిరిగి విప్పుకోవడం తెలియనిది.
"పాపం," అన్నాడు.

అంచుల సంగతి నేనే ఎత్తాను.
చివరి పచ్చికుట్టు ఊడదీశాక
ఆ ఖాళీని పూడ్చే దారి లేదు,
కాపీ కాపీకీ పోగు కాస్త పొట్టి.
"తెలిసిందే కదా. అందుకే కత్తిరించేటప్పుడు
రెండేళ్ళు ఎక్కువ వదిలేది."
మా సారు దీనికి మూడు క్లాసులు తీసుకున్నాడు.

కొవ్వొత్తి సగానికొచ్చింది.
నాదముని కట్టువైపు చూసుకున్నాడు.
"ఇప్పుడు దీంట్లో గూడానా?"
దీంట్లోనే. గాయం ఒడ్డున,
ఈ నిమిషంలో,
విప్పేవీ అతికేవీ అన్నీ.
"చప్పుడే లేదే," అని
బొటనవేలు చెవి దగ్గర పెట్టుకున్నాడు.

కరెంటు వచ్చింది. యంత్రం మళ్ళీ గుర్రుమంది.
ట్యూబులు చెత్తబుట్టలో వేసి తిరిగి చూస్తే
ఆయన ఇంకా వేలు దించలేదు.
ఫ్యాను కట్టెయ్యమని సైగ చేశాడు.